ఒక్క ముల్లు, రెండు నొప్పులు

పాలమూరు చెలకల్లో కాలికి తుమ్మముల్లు దిగితే ముందు చురుక్కుమంటుంది, తర్వాత సలుపు మొదలవుతుంది. రెండూ వేర్వేరు నరాల పని.

చురుకును తెచ్చే ‘ఎ-డెల్టా’ తంతువులకు పలుచటి మైలిన్ పొర, అంటే సంకేతాన్ని వేగంగా పంపే కొవ్వు తొడుగు, ఉంటుంది. వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. ఎక్కడ దిగిందో వేలు పెట్టి చూపించగలం. అసలు నొప్పి తెలిసేలోపే వెన్నుపాము కాలిని పైకి లాగించేస్తుంది, మెదడును అడగదు కూడా.

సలుపును మోసే ‘సి’ తంతువులకు ఆ పొరే లేదు, సెకనుకు 2 మీటర్లు దాటవు. అందుకే ఆ ఆలస్యం. చోటు సరిగ్గా చెప్పలేం కానీ గంటలు గడిచినా వదలదు. సతాయించేది ఇదే అయినా, ఇది లేకపోతే పుండు మానకముందే చెలకలోకి దిగుతాం.

చుట్టూ రుద్దితే తగ్గడం ఉత్త నమ్మకం కాదు: స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పికి అడ్డుపడతాయని నొప్పిపై పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ 1965లో ప్రతిపాదించారు.