జిరోనా చుట్టూ కొండ దారులు: కొన్నేళ్లు సైకిలు తొక్కిన అనుభవంతో

స్పెయిన్ ఈశాన్య మూలన, బార్సిలోనాకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న జిరోనా పట్టణానికి రోడ్డు సైకిలు తొక్కేవారిలో చాలా పేరుంది. 1990ల చివరి నుంచి ఎందరో విదేశీ వృత్తి సైక్లిస్టులు ఇక్కడ ఇళ్లు అద్దెకు తీసుకుని సాధన చేస్తూ వచ్చారు. వారి వెనుకే సైకిలు దుకాణాలూ, అద్దెకిచ్చేవారూ, పర్యాటకులూ వచ్చారు. ఉద్యోగరీత్యా బార్సిలోనాలో ఉంటూ, కొన్నేళ్లుగా ఎండలోనూ చలిలోనూ ఈ దారుల్లో తిరిగిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. ఈ ప్రాంతపు గొప్పతనం పేరుమోసిన శిఖరాల్లో కన్నా, ఊరికీ ఊరికీ మధ్య కొండల్ని చుట్టుకుంటూ సాగే చిన్న తారు రోడ్లలోనే ఎక్కువగా ఉంది.

అందుకు మంచి ఉదాహరణ ఎల్స్ ఆంజెల్స్ దారి. పట్టణం తూర్పు అంచున ఇళ్లు అయిపోయిన చోట మొదలయ్యే ఈ ఎక్కుడు సుమారు 10 కిలోమీటర్లు సాగి, గవారెస్ కొండల మీద 485 మీటర్ల ఎత్తున ఉన్న మేరీమాత మందిరం దగ్గరకు చేరుస్తుంది. సగటు వాలు 4 శాతానికి లోపే కాబట్టి కొత్తవారు కూడా ఆగకుండా ఎక్కగలరు. ఊపిరి బిగపట్టి తొక్కేవారికి కూడా అదే దారి గట్టి పరీక్ష పెడుతుంది, ఎందుకంటే వాలు ఎక్కడా అమాంతం పెరగదు, విశ్రాంతి తీసుకోమన్నట్టుగా పూర్తిగా తగ్గనూ తగ్గదు. చిత్రకారుడు సాల్వడార్ డాలీ, ఆయన సహచరి గాలా 1958లో చర్చి ఆచారం ప్రకారం పెళ్లి చేసుకున్నది ఈ మందిరంలోనే. చలికాలంలో గాలి తేటగా ఉన్న ఉదయం పూట ప్రాంగణంలో నిలబడితే ఒకవైపు మంచు కప్పిన పిరనీస్ పర్వతాలు, మరోవైపు సముద్రం కనిపిస్తాయి.

దారి పొడవునా ఉన్న కార్క్ ఓక్ చెట్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సీసా బిరడాల తయారీ కోసం వీటి బెరడును పన్నెండు పదమూడేళ్లకోసారి ఒలుస్తారు. ఒలిచిన కొత్తలో కాండం మనిషి ఎత్తు వరకూ ఇటుక రంగులో నున్నగా మెరుస్తూ ఉంటుంది. దానిపైన మాత్రం పగుళ్లు బారిన బూడిద రంగు బెరడు అలాగే మిగిలి ఉంటుంది. నెమ్మదిగా ఎక్కుతున్నవాడికి ఈ రెండు రంగులూ కలిసే గీత చెట్టు తరువాత చెట్టుగా పక్కనే సాగివస్తుంది. కారులో వెళ్లేవారికి ఇది దాదాపు కనబడదు.

మందిరం దాటి మాద్రెమాన్యా వైపు దిగే రోడ్డు మలుపులు తిరుగుతూ ఉంటుంది. నీడపడే మలుపుల్లో చలికాలం ఉదయాల్లో తడి ఆరదు, రాలిన ఆకులు టైరు కింద జారతాయి. అక్కడ వేగం తగ్గించుకోవడమే మంచిది. కింద మాద్రెమాన్యా, మొనెల్స్ అనే రాతి ఊళ్లు వస్తాయి. మొనెల్స్‌లో కమానుల వరండాలతో ఉన్న పాత చౌకు కాఫీ తాగడానికి సరైన చోటు. అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి సాంతా పెల్లాయా మీదుగా కాసా దె లా సెల్వాకు చేరి, క్వార్ట్ గుండా జిరోనాకు వస్తే యాభై అరవై కిలోమీటర్ల చుట్టు పూర్తవుతుంది. సాంతా పెల్లాయా రోడ్డులో వారం మధ్యలో చాలాసేపు ఒక్క వాహనమైనా ఎదురుపడదు. ఈ ప్రాంతంలో ఒక్క దారినే ఎంచుకోమంటే, ఆలోచించకుండా నేను చెప్పేది ఈ చుట్టే.

రొకాకోర్బా విషయంలో నా అభిప్రాయం ప్రచారంలో ఉన్నదానికి భిన్నం. 1992 ఒలింపిక్స్‌లో పడవ పందేలు జరిగిన బన్యోలెస్ సరస్సు పక్కనుంచి మొదలయ్యే ఈ ఎక్కుడు దాదాపు 970 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. అంటే ఒకే దారిలో సుమారు 800 మీటర్లు పైకి ఎక్కాలి. వృత్తి సైక్లిస్టులు తమ శక్తిని కొలుచుకోవడానికి దీన్ని వాడుకుంటారు. అందుకు ఇది నిజంగా తగినది, ఎందుకంటే వాలు నిలకడగా ఉండదు, కాస్త తేలికపడిందనుకున్న ప్రతిచోటా మళ్లీ గట్టిగా లేస్తుంది. అయితే రోడ్డు ఇరుకు, చాలాభాగం అడవి కప్పేస్తుంది కాబట్టి చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. చివరన ప్రసార స్తంభాలు వస్తాయి, అక్కడితో దారి ఆగిపోతుంది. వచ్చిన దారినే, ఎదురుగా ఎక్కివచ్చేవారిని గమనించుకుంటూ, బ్రేకులు పట్టుకుని దిగిరావాలి. ఒకసారి తప్పక ఎక్కవలసినదే, కాదనను. కానీ వారం రోజుల సెలవుకు వచ్చినవారు రెండోసారి దీనికి ఒక ఉదయం కేటాయించేకన్నా, అదే బన్యోలెస్ నుంచి పడమరకు తిరగడం ఎంతో మేలు.

అలా తిరిగితే మియెరెస్, సాంతా పావ్ మీదుగా ఒలోత్‌కు వెళ్లే రోడ్డు వస్తుంది. ఇది గరోచా ప్రాంతం, నలభై దాకా అగ్నిపర్వతాలున్న నేల. అవన్నీ ఎన్నడో చల్లారి ఇప్పుడు అడవి కప్పిన గుండ్రటి గుట్టలుగా మిగిలాయి. రోడ్డు మెల్లగా ఎక్కుతూ దిగుతూ, ఒక లోయ నుంచి మరో లోయకు జారుతూ సాగుతుంది. ఎక్కడా కాళ్లు పూర్తిగా అలసిపోవు, ఎక్కడా విసుగు పుట్టదు. సాంతా పావ్ దాటాక సాంతా మార్గరీదా, క్రొస్కాత్ అగ్నిపర్వతాల పక్కనుంచి వెళ్లి ఫజెదా దెన్ జోర్దా అడవిలోకి ప్రవేశిస్తాము. క్రొస్కాత్ నుంచి పారి గడ్డకట్టిన లావా మీదే ఈ అడవి పెరిగింది. సాధారణంగా ఇంతకన్నా ఎత్తైన కొండల్లో పెరిగే బీచ్ జాతి చెట్లు ఇక్కడ 550 నుంచి 650 మీటర్ల ఎత్తులోనే దట్టంగా ఉన్నాయి, కారణం నేలలోని తేమ, చల్లదనం. రోడ్డు పక్కన నాచు పట్టిన నల్లరాతి గుట్టలు కనిపిస్తాయి. వేసవిలోనైనా ఆ చెట్ల కిందకు రాగానే చేతులకు చల్లదనం తగులుతుంది. అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య వరకూ ఆకులు రంగు మారే రోజుల్లో శని ఆదివారాలు కార్లతో నిండిపోతాయి కాబట్టి మామూలు రోజున వెళ్లాలి.

సాంతా పావ్‌లో ఆగి అక్కడి తెల్ల చిక్కుడు గింజలు తినమని ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను. అగ్నిపర్వతపు మట్టిలో పండిన ఈ చిన్న గింజలు వెన్నలా ఉడుకుతాయి. సాధారణంగా పంది మాంసపు సాసేజ్‌తో వడ్డిస్తారు గనుక శాకాహారులు ముందే అడిగి, వట్టి గింజలు ఆలివ్ నూనెతో తెప్పించుకోవాలి. మిగతా ఊళ్లలో టమాటా రుద్దిన రొట్టె, బంగాళాదుంప ఆమ్లెట్ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. మనవైపు నుంచి వచ్చిన శాకాహార మిత్రులు గుడ్డు తినకపోతే జేబులో ఖర్జూరాలు, పల్లీ చిక్కీ పెట్టుకుని బయలుదేరడం క్షేమం.

సముద్రం పక్కన తోస్సా దె మార్ నుంచి సాంత్ ఫెలియు దె గీషోల్స్ దాకా వెళ్లే రోడ్డు అందంలో దేనికీ తీసిపోదు. సంవత్సరంలో ఎన్ని రోజులో అన్ని మలుపులని స్థానికులు చెప్పుకుంటారు. కానీ వేసవిలో అది పర్యాటకుల కార్లకూ మోటారు సైకిళ్లకూ అప్పజెప్పవలసిన దారి. నవంబరు నుంచి మార్చి వరకూ, అదీ ఉదయం పూటే నేను వెళతాను.

ఈ ప్రాంతానికి మళ్లీ మళ్లీ వెళ్లడానికి అసలు కారణం డ్రైవర్ల ఓపిక. స్పెయిన్ చట్టం ప్రకారం సైకిలును దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలి. ఒకే దిశలో రెండు వరుసలున్న రోడ్డు మీద పూర్తిగా పక్క వరుసలోకి మారి దాటాలన్న నిబంధన 2022లో వచ్చింది. ఇద్దరు పక్కపక్కన తొక్కడానికీ చట్టం అనుమతిస్తుంది. కాగితం మీది చట్టం వేరు, దారిలో మనుషుల నడవడి వేరు అని మనకు తెలిసిందే. ఇక్కడ మాత్రం పెద్ద లారీ కూడా మలుపు అయిపోయేదాకా హారను కొట్టకుండా వెనకే మెల్లగా రావడం నేను పదేపదే చూశాను. భద్రత గురించి ఆలోచించకుండా దారిని ఆస్వాదించగలగడం ఈ స్థాయిలో నాకు మరెక్కడా దొరకలేదు. ఊళ్ల బయటి రోడ్ల మీద హెల్మెట్ తప్పనిసరి అన్నది మాత్రం కొత్తవారు గుర్తుంచుకోవాలి.

లోపాలు లేవని కాదు. ఉత్తరం నుంచి వీచే త్రమున్తానా గాలి లేచిన రోజున సముద్రం వైపున్న ఎంపోర్దా మైదానంలో సైకిలు నిలబెట్టుకోవడమే కష్టం, అలాంటప్పుడు కొండల చాటున ఉండే దారులనే ఎంచుకోవాలి. జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. అడవి మంటల ప్రమాదం పెరిగితే గవారెస్ వంటి చోట్ల ప్రవేశాన్ని పరిమితం చేస్తారు. వసంతకాలంలో ఎల్స్ ఆంజెల్స్ దారి మీద శిక్షణ శిబిరాల గుంపులు ఎక్కువై, ప్రశాంతత కొంత తగ్గుతుంది. అద్దె సైకిళ్ల ధరలు కూడా ఏటేటా పెరుగుతూ సామాన్యుడికి భారమవుతున్నాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే ఫిబ్రవరి చివరి నుంచి మే వరకూ, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకూ రావడం మంచిది.

సైకిలు విషయానికొస్తే, ముందు 34 పళ్లు, వెనుక 32 పళ్ల గేరు ఉంటే పైన చెప్పిన దారులన్నీ మోకాళ్లు నొప్పిపెట్టకుండా ఎక్కవచ్చు. గరుకు తారు మీద 28 మిల్లీమీటర్ల టైర్లు ఇచ్చే సుఖం సన్న టైర్లు ఇవ్వవు. ఒలోత్ నుంచి జిరోనా వరకూ పాత చిన్నరైలు మార్గాన్ని సైకిలు బాటగా మార్చారు. ఆ రైలు 1969లో ఆగిపోయింది. పిల్లలతో వచ్చేవారికి ఈ బాట చాలా బాగుంటుంది, అయితే చాలాభాగం మట్టి, కంకర దారి గనుక రోడ్డు సైకిలుకు తగదు. బార్సిలోనా నుంచి వచ్చేవారు హైస్పీడ్ రైలు ఎక్కితే నలభై నిమిషాల్లోపే జిరోనాలో దిగుతారు, కానీ అందులో సైకిలును విప్పి సంచిలో పెట్టాలి. ప్రాంతీయ రైలుకు అంతకు రెట్టింపు సమయం పట్టినా, సైకిలును ఉన్నదున్నట్టుగా తోసుకుని ఎక్కవచ్చు. వారాంతపు ఉదయాల్లో చోటు త్వరగా నిండిపోతుంది కనుక మొదటి రైలుకే వెళ్లడం ఉత్తమం.