టేబుల్ టాప్ బేసినా, అండర్ కౌంటరా?

చూడ్డానికి గట్టు మీద కూర్చోబెట్టే టేబుల్ టాప్ వాష్ బేసినే అందం, కానీ రోజూ వాడేది కదా, గట్టు మీద మళ్ళీ 12-15 సెంటీమీటర్లు పైకి లేస్తుంది కాబట్టి గట్టు ఎత్తు ముందే తగ్గించి కట్టించుకోకపోతే పిల్లలకి అస్సలు అందదు, పైగా పొడవాటి ట్యాప్ కావాలి. అడుగున చుట్టూ మురికి పడుతుంది, పాత బ్రష్ పెట్టి రుద్దాల్సిందే.

అండర్ కౌంటర్ (గట్టు కింద బిగించేది) అయితే గట్టు మీద పడ్డ నీళ్ళు ఒక్క తుడుపుతో లోపలికి తోసేయొచ్చు, నాకు అదే పెద్ద ప్లస్. గ్రానైట్ లాంటి రాయి మాత్రం ఉండాలి, ప్లైవుడ్ అయితే కోసిన అంచులోకి నీళ్ళు దిగి ఉబ్బిపోతుంది. మార్చాలంటే టేబుల్ టాపే ఈజీ, కింద పైపు విప్పి సిలికాన్ కోసి పైకి తీసేయడమే.

ఓవర్‌ఫ్లో రంధ్రం (నీళ్ళు నిండితే పొర్లకుండా పైపులోకి పోయేది) ఉందో లేదో కూడా చూడండి, టేబుల్ టాప్ వాటిలో చాలావాటికి ఉండదు.