ట్రావెలర్ గేమ్: ఓడ నడిపేది మనమా, కంప్యూటరా?

హన్మకొండలో మా దోస్తు గదిలో నాలుగు ఆదివారాలు ఆడాం, సకినాల డబ్బా ఖాళీ అయింది గానీ ఆటలో మేం కొన్న అంతరిక్ష ఓడ అప్పు మాత్రం తీరలేదు. తీరదు కూడా, పాత నిబంధనల్లో ఆటో ఫైనాన్స్ లాగా 480 నెలల కిస్తీలు!

1977లో అమెరికాలో వచ్చిన ఈ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో (ఒక్కొక్కరు ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ ఆడే ఆట) ఓడకు పైలట్, ఇంజనీర్, గన్నర్, ఆఖరికి ప్రయాణికులను చూసుకునే స్టీవర్డ్ కూడా మనిషే కావాలి. కంప్యూటర్ ఉంది కానీ టన్నుల లెక్కన చోటు తింటుంది, ఒకేసారి కొన్ని ప్రోగ్రాములే పడతాయి. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది.

మా తమ్ముడు "అన్నా, అంతా ఆటోపైలట్‌కు ఇచ్చేయొచ్చు కదా" అన్నాడు. సరే అని ఒక వారం మా సొంత రూల్ పెట్టి ఏఐకి అప్పజెప్పాం. ఇంజనీర్‌గా ఆడేవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, పైలట్ నిద్రపోయాడు. మళ్లీ ప్రతి చిన్నదానికీ పాచికలు వేయాలంటే అదో విసుగు.

1969లో చంద్రుడి మీద దిగేటప్పుడు కంప్యూటర్ బండరాళ్ల వైపు తీసుకుపోతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ నియంత్రణ చేతిలోకి తీసుకున్నాడు కదా, అప్పుడు కూడా ఆయన చేతి కదలికలను ఇంజిన్‌కు చేరవేసింది ఆ కంప్యూటరే. మేమూ అట్లనే కుదుర్చుకున్నాం: మామూలు పనులు యంత్రానికి, ఆపదొస్తే పాచికలు మా చేతికి. అప్పటి నుంచి టెన్షన్ మస్తుగా ఉంది.

కనీసం నలుగురుంటేనే కొనండి, ఇద్దరితో ఆడితే ఒక్కొక్కరు మూడు ఉద్యోగాలు చేయాల్సొస్తుంది.