చెస్-రిజల్ట్స్ రివ్యూ: పాయింట్లు సమానమైతే ర్యాంకు ఎవరిది?

ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో ర్యాపిడ్ చెస్ టోర్నమెంటు అయ్యాక ఆర్బిటర్ (రిఫరీ) చుట్టూ తల్లిదండ్రులు మూగేది ఒకే ప్రశ్నతో: పాయింట్లు సమానమే కదా, మా పాప ఆ బాబు కింద ఎందుకుంది? జవాబు చెస్-రిజల్ట్స్ సైట్‌లో ఉంటుంది. ఆర్బిటర్ స్విస్-మేనేజర్ అనే జతలు వేసే సాఫ్ట్‌వేర్ నుంచి ఫలితాలు ఎక్కిస్తే ఫోన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆటగాడి పేరు నొక్కండి. ఏ రౌండ్లో ఎవరితో ఆడాడో, ఆ ప్రత్యర్థికి ఎన్ని పాయింట్లున్నాయో వరసగా కనిపిస్తాయి. ఈ ఒక్క పేజీకే 5కి 4 ఇవ్వాలి.

సమాన పాయింట్లవాళ్లను విడదీయడానికి వాడే లెక్కల్లో ఒకటి బుకోల్జ్: ప్రత్యర్థుల పాయింట్లన్నీ కలిపిన మొత్తం. అందులో అతి తక్కువ అంకె తీసేస్తే బుకోల్జ్ కట్ 1. కప్పు చేతులు మారేది ఇక్కడే. 7 రౌండ్లలో ఇద్దరికి చెరో 6 పాయింట్లు; ఇద్దరూ విజేత చేతిలోనే ఓడారు, ఒకరితో ఒకరు ఆడలేదు. మొదటివాడి ప్రత్యర్థులవి 3, 4, 4.5, 5, 5, 5, 6.5, మొత్తం 33. రెండోవాడి ప్రత్యర్థులవి 1, 4.5, 4.5, 5, 5, 5, 6.5, మొత్తం 31.5. బుకోల్జ్‌తో మొదటివాడు ముందుంటాడు. కట్ 1 పెడితే 30, 30.5 అవుతాయి, రెండోవాడు ముందుకొస్తాడు. నా దృష్టిలో ఇదే న్యాయం. మొదటి రౌండ్లో రేటింగ్ జాబితాను సగానికి విడదీసి జతలు వేస్తారు, 60 మందిలో 1వ నంబరుకి 31వ నంబరు. అక్కడ బలహీనుడు తగిలితే పిల్లాడి తప్పేముంది?

ప్రత్యర్థుల బలాన్ని కూడా చూసి జట్లను ఎంపిక చేసే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పరిస్థితి వేరు. 130కి పైగా జట్లు, రెగ్యులర్ సీజన్‌లో ఒక్కోదానికి 12 మ్యాచ్‌లు. సొంత కాన్ఫరెన్స్ (జట్ల బృందం) బయటి ప్రత్యర్థులను కాలేజీలే కుదుర్చుకుంటాయి. 2024లో ప్లేఆఫ్‌కు (టైటిల్ పోటీకి) 11 గెలిచి 2 ఓడిన ఎస్ఎంయూ జట్టుని తీసుకుని 9 గెలిచి 3 ఓడిన అలబామాను వదిలేశారని అంత వాదన జరిగింది అందుకే. తేలిక ప్రత్యర్థులను ఎంచుకున్న జట్టుకి కోత వేయడం సబబే. చెస్‌లో వాడే స్విస్ పద్ధతిలో (ప్రతి రౌండ్లో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను జతచేస్తారు) ఎంపిక మన చేతిలో ఉండదు, కాబట్టి ప్రత్యర్థి బలం పాయింట్ల తర్వాతే రావాలి.

సైట్‌లో ఇబ్బందీ ఉంది. పట్టికలో టీబీ1, టీబీ2 (టైబ్రేక్ 1, 2) అనే ఉంటుంది; ఏది కట్ 1 అన్నది అడుగున చిన్న గమనికలో వెతుక్కోవాలి. బై (ప్రత్యర్థి లేకుండా రౌండ్ గడవడం) వచ్చినా, ప్రత్యర్థి రాకపోయినా చేత్తో కూడిన మొత్తం కలవదు, ఆడని రౌండ్లకు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) లెక్క వేరు. చివరి బోర్డు ముగిసేదాకా బుకోల్జ్ మారుతూనే ఉంటుంది, అప్పటిదాకా ర్యాంకు గురించి వాదించకండి.

నిర్వాహకులకు నేను చెప్పే వరస: ముఖాముఖి ఫలితం, కట్ 1, బుకోల్జ్, గెలుపుల సంఖ్య. ప్రత్యర్థుల సగటు రేటింగ్ పెట్టొద్దు. రేటింగ్ లేని పిల్లలు ఎక్కువున్న చోట ఆ అంకెకు విలువ లేదు. ఈ వరసను మొదటి రౌండ్‌కు ముందే నోటీసు బోర్డుకు అంటించండి.