థార్‌లో సీలేరు దారి: మారేడుమిల్లి నుంచి అరకు దాకా

మారేడుమిల్లి, లంబసింగి, అరకు ఒక్కొక్కటిగా చూసొచ్చినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఈ మూడింటినీ అడవి లోపలి దారిలో, మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, ధారకొండ మీదుగా కలిపి వెళ్లేవాళ్లు తక్కువ. నవంబరు ఆఖరులో మేం పట్టింది ఆ దారే. బండి మహీంద్రా థార్, 2021 డీజిల్ మాన్యువల్, హార్డ్ టాప్. నేను, మా ఆవిడ, మా బావమరిది.

థార్ కొన్నవాళ్లలో ఎక్కువమంది మొదటి డబ్బులు బంపర్‌కీ, రూఫ్ ర్యాక్‌కీ, లైట్ బార్‌కీ పెడతారు. ఈ దారిలో మమ్మల్ని ఆదుకున్నవి మాత్రం బయటికి కనిపించనివి. బసల సంగతీ అంతే. ఫొటోలో కొండ అందంగా కనిపించే గది కంటే, చీకటి పడకముందే చేరగలిగేది, బండి ఒరగకుండా నిలబెట్టే జాగా ఉన్నది, పొద్దున్నే వేడినీళ్లు ఇచ్చేది మేలు. నా తూకం అంతా ఈ లెక్కలోనే ఉంటుంది.

ముందు బండి సంగతి. కంపెనీ టైర్లు అరిగాక అదే సైజులో, 255/65 ఆర్18లో, ఆల్ టెరైన్ టైర్లే వేయించాను. పెద్ద సైజు వేయమని చాలామంది చెప్పారు. సైజు పెరిగితే మైలేజీ తగ్గుతుంది, బ్రేకుల మీద, స్టీరింగ్ మీద భారం పడుతుంది, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ కూడా వద్దనుకున్నాను. థార్‌కి నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, బండి దాటగలదని కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు. మన ఏజెన్సీ దారులకు ఇది సరిపోతుంది. ఎత్తు పెంచితే డ్రైవ్ షాఫ్ట్‌ల కోణం మారి జాయింట్లు త్వరగా పోతాయి, ఘాట్ మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది. లోతు నీళ్లలో ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం, అదే స్నార్కెల్, అవసరం కూడా నాకు కనిపించలేదు.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు పెట్టే ఇనప క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. అది కాగితం మీది రూల్ మాత్రమే కాదు. గుద్దుకున్నప్పుడు దెబ్బ నేరుగా ఛాసిస్‌కి తగులుతుంది, ఎయిర్ బ్యాగ్ సెన్సర్ల లెక్క తప్పుతుంది, నడిచే మనిషికి మరీ ప్రమాదం. మార్పులు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కాబట్టి నేను డబ్బు పెట్టింది అడుగున దెబ్బ తగలకుండా కాసే మందపాటి స్కిడ్ ప్లేట్, మంచి టైర్లు, పసుపు ఫాగ్ ల్యాంపులు, ఇరుక్కున్న బండిని లాగడానికి సాగే రికవరీ తాడు, దాన్ని బండికి తగిలించే రెండు షాకిల్స్, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ మీద. బయల్దేరే ముందు బ్రేక్ ప్యాడ్లు, కూలెంట్, ప్రొపెల్లర్ షాఫ్ట్ గ్రీజు, డీజిల్ ఫిల్టర్‌లోని నీరు చూపించాను. ఒక యాక్సెసరీ షాపులో చక్రాల్ని బయటికి జరిపే వీల్ స్పేసర్లు వేస్తే 'లుక్ వస్తుంది సార్' అని చాలాసేపు పట్టుబట్టారు. బేరింగులు త్వరగా పోయే పని అది. మీరు కూడా వేయించకండి.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. ఏ కారైనా వెళ్లే దారి. రంపచోడవరంలో ట్యాంకు నిండా పోయించాం. థార్ ట్యాంకు 57 లీటర్లు. లోపలి దారిలో బంకుల మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, నడిపే బంకులు కొన్ని ఉంటాయి. తెరిచి ఉంటే అదృష్టం, అంతే.

మారేడుమిల్లిలో రెండు రకాల బసలున్నాయి. ఊళ్లో రోడ్డు పక్కన ప్రైవేటు రిసార్టులు, లాడ్జీలు. అటవీ శాఖ ఆధ్వర్యంలో స్థానిక గిరిజనులు చూసుకునే ఎకో టూరిజం బసలు. నేను రెండో రకానికే ఓటు వేస్తాను. వాలమూరు వాగు పక్కనున్న జంగిల్ స్టార్ క్యాంపు చెట్ల మధ్య, నీటి చప్పుడు వినిపించే చోట ఉంటుంది. మాకు కనిపించిన మనుషులు మర్యాదస్తులు, పరిసరాలు శుభ్రంగా ఉన్నాయి, మనమిచ్చే డబ్బులో కొంత అక్కడి కుటుంబాలకే చేరుతుంది. హోటల్ గది సౌకర్యాలు కావాలంటే మాత్రం ఇది మీకు నచ్చదు. కరెంటు, ఫోన్ సిగ్నల్ ఉంటాయని ఆశ పెట్టుకోకండి. శని, ఆదివారాలైతే ముందుగా బుక్ చేసుకోవాల్సిందే. రోడ్డు పక్క షెడ్లలో బొంగు చికెన్ అప్పటికప్పుడు కాల్చి ఇచ్చేచోట తినండి. ముందే కాల్చి పెట్టినది మళ్లీ వేడి చేసి ఇస్తే ఆ రుచి ఉండదు.

గుడిసె కొండకి తెల్లవారుజామున బయల్దేరాం. పుల్లంగి దాటాక దారి మారిపోతుంది. రాళ్లు, ఎర్రమట్టి, వాన నీరు కోసేసిన గాడులు. ఇక్కడే మొదటిసారి టైర్లలో గాలి 32 నుంచి 22 పీఎస్ఐకి దించాను. గాలి తగ్గితే టైరు నేలని వెడల్పుగా పట్టుకుంటుంది, రాయి మీద ఎగరకుండా దాన్ని తనలోకి అదుముకుంటుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుము బతుకుతుంది. వేగం మాత్రం తగ్గించి నడపాలి. నాలుగు చక్రాలకీ తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే 'ఫోర్ లో' వేసి మొదటి గేరులో వదిలితే బండి తొందరపడకుండా ఎక్కింది. దిగేటప్పుడూ అంతే, బ్రేకు తొక్కి పట్టుకోకుండా ఇంజన్ బిగింపుతోనే దిగాలి. అక్కడి జీపు డ్రైవరొకాయన మా టైర్లు చూసి, "వాన పడితే మాత్రం ఎక్కకండి సార్, ఈ మట్టి సబ్బులా జారుద్ది. మేమూ ఎక్కం" అన్నాడు. రోజూ ఎక్కేవాడి మాట అది. ఫోర్ వీల్ డ్రైవ్ లేనివాళ్లు, ఉన్నా కొత్తగా నడిపేవాళ్లు, ఆ జీపులే మాట్లాడుకోవడం మంచిది. పైన గడ్డి మీదికి బండి ఎక్కించకండి. అక్కడ టైరు గీసిన చార మానడానికి ఎన్నో వానలు పడాలి. చెక్‌పోస్టు వేళలు, రుసుము మారుతుంటాయి కాబట్టి ముందురోజే మారేడుమిల్లిలో అడిగి తెలుసుకోండి.

అసలు ప్రయాణం లక్కవరం జంక్షన్ దగ్గర మొదలవుతుంది. నేరుగా పోతే చింతూరు. మేం మోతుగూడెం వైపు తిరిగాం. పొల్లూరు జలపాతం అందమైనదే, రాళ్ల మీద నాచు మాత్రం చాలా ప్రమాదం. నీళ్లలోకి దిగకుండా దూరం నుంచే చూశాం. ఇక్కడి నుంచి పైకి ఎక్కే కొద్దీ ఈ అడవిలో ఇంత రోడ్డు ఎందుకు వేశారో తెలుస్తుంది. పొల్లూరు దగ్గరిది 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం, పైన ఉన్నది 240 మెగావాట్ల ఎగువ సీలేరు. ఒరిస్సా వైపు మాచ్‌ఖండ్‌గా పారిన నీళ్లే కిందికొచ్చి సీలేరు అవుతాయి, శబరిలో కలుస్తాయి, శబరి గోదావరిలో కలుస్తుంది. మేం బయల్దేరిన రాజమహేంద్రవరం రేవుల ముందు పారేది ఈ నీరే. డొంకరాయి జలాశయం పక్కన బండి ఆపి చాలాసేపు నిలబడ్డాం. చుట్టూ కొండ, అడవి, నిశ్చలమైన నీరు. ఈ మొత్తం యాత్రలో ఒక్కచోటికే మళ్లీ వెళ్లమంటే నేను అక్కడికే వెళ్తాను.

రోడ్డు మాత్రం కష్టపెట్టింది. కొన్ని చోట్ల తారు ఉంది, కొన్ని చోట్ల ఉన్న గుర్తులే మిగిలాయి. ఈ గతుకుల్లోనే ఆర్టీసీ బస్సు ఎదురొస్తుంది. ఆ డ్రైవర్ల ఓర్పుకి చేతులెత్తి దండం పెట్టాలి. బస్సు కనిపిస్తే వెడల్పు ఉన్నచోట ముందే ఆగిపోవడం మర్యాద, క్షేమం కూడా. ఒక లోతైన గుంతలో అడుగున గట్టిగా తగిలింది. దిగి చూస్తే స్కిడ్ ప్లేటు సొట్టబోయింది, దాని పైనున్న, ఇంజన్ ఆయిల్ నిలిచే సంప్‌కి ఏమీ కాలేదు. సంప్ పగిలి ఉంటే సిగ్నల్ లేని ఆ చోట మా గతి ఏమయ్యేదో. బురద ఉన్న ఒక మలుపులో వెనక చక్రం ఖాళీగా తిరగడం మొదలైంది, అంతలోనే వెనక చక్రాలు రెండింటినీ కలిపి తిప్పే మెకానికల్ లాక్ పడి బండి కదిలింది. రికవరీ తాడు తీయాల్సిన పని పడలేదు. అయినా అది లేకుండా ఈ దారికి రాకండి. వీలుంటే రెండు బళ్లుగా రండి.

థార్‌లో వెనక కూర్చోవడం గురించి నిజం చెప్పాలి. మా బావమరిది పాతికేళ్లవాడు కాబట్టి సరిపోయింది. ముందు సీటు మడిచి లోపలికి దూరాలి, వెనక ఊపు ఎక్కువ, సామాన్లకి చోటు తక్కువ. మేం వెనక సీటు సగం మడిచి బ్యాగులు పెట్టాం. అమ్మానాన్నలతో వెళ్లాలంటే 2024లో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్ లాంటిది చూసుకోండి, లేదంటే ఈ సీలేరు ముక్క వదిలేయండి.

సీలేరులో కరెంటు ఉత్పత్తి సంస్థ జెన్‌కో గెస్ట్ హౌస్ ఉంది గానీ దాని మీద ఆధారపడి ప్లాన్ వేసుకోకూడదు. మనలాంటివాళ్లకి ఈ దారిలో భరోసాగా దొరికే బస లేదు. అందుకే పొద్దున్నే బయల్దేరి వెలుగుండగానే చింతపల్లి చేరేలా చూసుకోవాలి. ధారకొండ, గూడెం కొత్తవీధి, ఆర్‌వీ నగర్ దాటుతుంటే దారికి రెండు వైపులా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు. దారిలో పోలీసు తనిఖీలు ఉంటాయి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్సు చేతికందేలా పెట్టుకుని, అడిగినదానికి సూటిగా చెబితే పంపించేస్తారు.

చింతపల్లి చేరాక టెన్షన్ దిగిపోయింది. పంక్చర్ షాపతను టైర్లు నాలుగూ విప్పి సైడ్ వాల్స్ చేత్తో తడిమి చూశాడు, ఇరుక్కున్న రాళ్లు తీశాడు, గాలి సరిచేశాడు. అడిగింది వంద రూపాయలు. పట్నంలో పెద్ద సర్వీస్ సెంటర్లో కూడా ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు నాకు తారసపడలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదటి దాడి చేసింది ఈ ఊరి పోలీస్ స్టేషన్ మీదే. ఆ దళం ఈ కొండల్ని కాలినడకన దాటింది. పొద్దున్నుంచి మేం వచ్చిన దారి తలుచుకుంటే ఆ మాట బరువేమిటో తెలిసింది.

లంబసింగి బస నాకు నచ్చలేదు. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, చలి, మంచు, ఎవరు కాదంటారు. కానీ సీజన్లో పొలాల్లో వరసగా వేసిన టెంట్లలో మేం దిగినచోట పరుపులు చెమ్మగా ఉన్నాయి, జనరేటర్ అర్ధరాత్రి దాకా మోగింది, బళ్లన్నీ వాలు మీద ఒకదాని వెనక ఒకటి ఇరికించారు. తెల్లవారి నాలుగింటికి బయటికి తీయాలంటే ముందు పక్కవాళ్లని లేపాలి. ఇలాంటిచోట గదికి డబ్బు ఇచ్చే ముందు బండి ఎక్కడ పెట్టాలో చూపించమనండి. చింతపల్లిలో మామూలు లాడ్జీలో పడుకుని పొద్దున్నే లంబసింగి, చెరువులవేనం వెళ్లడం నా లెక్కలో మెరుగు. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. లో బీమ్, పసుపు ఫాగ్ ల్యాంపులు దారి చూపించాయి.

జి.మాడుగుల మీదుగా పాడేరు, అక్కడి నుంచి వంజంగి. మేఘాలు కాళ్ల కింద పరుచుకునే చోటు. కొండ మీదికి ఎలాగూ నడవాల్సిందే కాబట్టి బండి ఏదైనా తేడా లేదు. పాడేరు నుంచి హుకుంపేట మీదుగా అరకు దారిలో వలిసె పూల పసుపు పొలాలు దాటుకుంటూ వెళ్లాం.

అరకులో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో దిగాం. గది పాతది, భోజనం మామూలుది. కానీ విశాలమైన ఆవరణ, బండికి చదునైన జాగా, బకెట్ నిండా వేడినీళ్లు ఉన్నాయి. అలసిపోయి వచ్చినవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. అరకు వరకే వెళ్లేవాళ్లకి థార్ అక్కర్లేదు, చిన్న కారు చాలు. సుంకరిమెట్ట, గాలికొండ, అనంతగిరి మీదుగా దిగే ఘాట్‌లో బ్రేకు వాసన వస్తున్న కార్లు చాలానే ఆగి కనిపించాయి. ఎక్కిన గేరులోనే దిగితే ఆ బాధ ఉండదు.

విశాఖలో బండిని లిఫ్ట్ మీద ఎక్కించి అడుగంతా నీళ్లతో కడిగించాను. ఎర్రమట్టి అడుగున ఎండిపోతే తుప్పుకి దారి ఇస్తుంది, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటే ఇంజన్ వేడెక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చారు, షాఫ్ట్ జాయింట్లకి కొత్త గ్రీజు పెట్టారు, చక్రాల వైపు జాయింట్ల మీది రబ్బరు తొడుగులు, అదే సీవీ బూట్లు, చిరగలేదని చూపించారు. స్కిడ్ ప్లేటు విప్పి సుత్తితో సరిచేసి మళ్లీ బిగించారు. ముందు బ్రేక్ ప్యాడ్లు సగానికి పైగా అరిగాయి. సీలేరు దారి మళ్లీ పట్టేముందు అవి మార్చాలి.