తోటకు రాత్రి దీపం: ఫోకస్ లైటా, సోలారా, సెన్సర్ లైటా?

ఆనందపురం, పద్మనాభం, భీమిలి చుట్టుపక్కల తోటలో ఇల్లు వేసుకుంటున్నవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. విశాఖ నుంచి శని, ఆదివారాలు వెళ్ళొచ్చేవాళ్ళు కొందరు, ఉద్యోగం అయిపోయాక అక్కడే ఉండిపోయేవాళ్ళు కొందరు. బోరు ఎక్కడ వేయాలి, ప్రహరీ ఎంత ఎత్తు లేపాలి అని నలుగురినీ అడిగి చేస్తారు. లైట్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎలక్ట్రీషియన్ ఏది తెస్తే అది. అతను పెద్ద ఫోకస్ లైట్లు రెండు తెచ్చి ఇంటి మూలల్లో బిగించి వెళ్ళిపోతాడు. ఇక ఏళ్ళ తరబడి ఆ వెలుగుతోనే సర్దుకుపోతారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఊరి బయట ఇంటికి రాత్రంతా వెలిగే లైటుగా ఫోకస్ లైటు వద్దు. చిన్న చిన్న పసుపు లైట్లు కరెంటు మీద, దూరంగా ఉన్న చోట మాత్రం మంచి సోలార్. ఎందుకో చెప్తాను.

రాత్రి లైటుతో మనకు పడే పనులు మూడు. గేటుకో, బాత్రూముకో, పశువులశాలకో నడిచేటప్పుడు కాలి కింద ఏముందో కనబడాలి. గేటు దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో తెలియాలి. అర్ధరాత్రి కుక్కలు మొరిగితే తోటంతా ఒక్కసారి చూడగలగాలి. మొదటిది రోజూ పడే పని, మూడోది ఎప్పుడో ఒకసారి పడేది. ఫోకస్ లైటు ఆ మూడో పనికే పనికొస్తుంది. మనం దాన్ని సాయంత్రం ఆరింటికి వేసి, తెల్లారాక ఆపి, మిగతా రెండు పనులకూ దాన్నే వాడుతున్నాం.

అడ్డంగా కొట్టే ఫోకస్ లైటు ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడుతుంది. మా చిన్నాన్న తోటకు చీకటి పడ్డాక వెళ్తే గేటు దగ్గరే నిలబడి, "చిన్నాన్నా, ఆ లైటు ఓసారి ఆపవా, మెట్టు కనబడట్లేదు" అని అరవాల్సి వచ్చేది. ఆపగానే వెన్నెల్లో దారి, మెట్టు, పక్కన పెట్టిన గడ్డపార అన్నీ కనబడేవి. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. పెద్ద వెలుగులోంచి నాలుగు అడుగులు పక్కకు వేస్తే, ఆ చీకటి మామూలు చీకటి కన్నా చిక్కగా అనిపిస్తుంది. నీళ్ళ ట్యాంకు వెనక ఎవరు దాక్కున్నా కనబడరు. దొంగ భయానికని పెట్టుకున్న లైటు అలా దొంగకే నీడ ఇస్తుంది.

రెండో ఇబ్బంది పురుగులు. ఇది మన వైపు చాలా పెద్ద విషయం. తొలకరి రోజుల్లో వాన వెలిశాక తెల్లటి లైటు కింద కాసేపు నిలబడి చూడండి. పుట్టల్లోంచి ఉసుళ్ళు లేచి లైటు చుట్టూ మూగుతాయి. కాసేపటికి రెక్కలు రాలిపోయి గచ్చు నిండా పాకుతుంటాయి. వాటి కోసం గోడ మీదికి బల్లులు వస్తాయి, అరుగు అంచుకు కప్పలు చేరతాయి. కప్పలు చేరిన చోటికి పాము రావడానికి ఎంతోసేపు పట్టదు. లైటు గుమ్మం పైనే ఉందంటే ఈ వరసంతా మీ గుమ్మంలోనే నడుస్తుంది. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. రక్తపింజరి ఎండుటాకుల్లో పడుకుంటే పగలే కనబడదు. ఇవి ఇంటి ముందుకు రావడానికి మనమే దారి వేసినట్టవుతుంది.

పురుగుల్ని బాగా లాగేది వెలుగులోని నీలం భాగం. లైటు పెట్టె మీద 6500కె అని రాసి ఉంటే అది తెల్లటి వెలుగు, అందులో నీలం ఎక్కువ. 2700కె, 3000కె అని ఉంటే పసుపు వెలుగు, నీలం తక్కువ. షాపులో వార్మ్ వైట్ అని అడిగితే ఇస్తారు. పసుపు వెలుగుకు పురుగులు రావని కాదు, తక్కువ వస్తాయి. దానికి తోడు లైటును గుమ్మం మీద నుంచి తీసి, ఓ పదిహేను అడుగుల దూరంలో చిన్న స్తంభానికి కిందికి చూసేలా పెడితే ఇంకా తేడా తెలుస్తుంది. పురుగులు అక్కడే తిరుగుతాయి, అరుగు మీద కూర్చుని ప్రశాంతంగా అన్నం తినొచ్చు.

కరెంటు లెక్క చిన్నదే గానీ చూడాలి. 50 వాట్ల ఫోకస్ లైటు ఒకటి రాత్రికి 12 గంటలు వెలిగితే నెలకు 18 యూనిట్లు. 9 వాట్ల లైట్లు నాలుగు అంతసేపూ వెలిగినా 13 యూనిట్లే. మన బిల్లు శ్లాబుల్లో నడుస్తుంది కాబట్టి వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర ఇంకా పెరుగుతుంది.

ఇక సోలార్. ఇప్పుడు అందరూ అడిగేది దీని గురించే. వైరు లాగక్కర్లేదు, బిల్లు లేదు, కరెంటు పోయినా వెలుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖ చుట్టూ స్తంభాలు పడిపోయి రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్ళకు ఆ మాట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మార్కెట్లో సోలార్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కాదు. పెట్టె మీద 200 వాట్లు, 300 వాట్లు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆ అంకెను వదిలేసి బ్యాటరీ ఎంతో చూడండి. అలాంటి ఒక లైటు పాడైపోతే మూత విప్పి చూశాను. లోపల బొటనవేలంత సెల్లు ఒకటి, జిగురుతో అతికించిన చిన్న బోర్డు, నీళ్ళు దిగకుండా ఉండాల్సిన రబ్బరు వాచరు మూడు వైపులే ఉంది. నాలుగో వైపు నుంచి వాన నీళ్ళు దిగి స్క్రూల చుట్టూ తుప్పు పట్టేసింది.

లెక్క తేలికే. బ్యాటరీ మీద 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే సుమారు 19 వాట్ అవర్లు, ఒక వాటు లైటును 19 గంటలు వెలిగించేంత. అంటే 12 గంటల పాటు వెలగాలంటే ఒకటిన్నర వాట్లకు మించి ఇవ్వలేదు. మొదటి రెండు గంటలు దేదీప్యంగా వెలిగి అర్ధరాత్రికి మసకబారేది అందుకే. అదే 3.2 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు ఉంటే 64 వస్తుంది. 5 వాట్ల వెలుగు రాత్రంతా నిలుస్తుంది. గేటుకో, బావి గట్టుకో అది చాలు. దానికి ప్యానెల్ 20 నుంచి 25 వాట్లు ఉండాలి. 3.2 వోల్టులు అని ఉందంటే సాధారణంగా అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఎండకు తట్టుకుంటుంది, 3.7 వోల్టుల మామూలు లిథియం సెల్లు కన్నా ఎక్కువ ఏళ్ళు వస్తుంది. ఈ అంకెలు పెట్టె మీద లేని లైటు ఎంత తక్కువకు ఇస్తామన్నా కొనకండి.

మంచి సోలార్ లైటు తెచ్చినా మన దగ్గర రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి నీడ. మామిడి తోటలోనో జీడిమామిడి తోటలోనో చెట్ల మధ్య స్తంభం పాతితే ప్యానెల్‌కు ఎండే దొరకదు. ప్యానెల్, లైటు కలిసి ఉండేదాన్ని కాకుండా ప్యానెల్ విడిగా ఉండేది తీసుకుంటే దాన్ని ఎండ పడే చోట దక్షిణానికి చూసేలా కాస్త వాలుగా పెట్టి, లైటును కావలసిన చోట బిగించుకోవచ్చు. రెండోది మబ్బు. విశాఖలో బాగా వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి, తుఫాన్లు వచ్చే కాలమూ అదే. వరసగా మూడు రోజులు మబ్బు పట్టిందంటే చిన్న బ్యాటరీ లైట్లు రెండో రాత్రికే చేతులెత్తేస్తాయి. అంటే దాని అవసరం బాగా ఉన్న రోజుల్లోనే అది బలహీనపడుతుంది. ఇంటి చుట్టూ ఉన్న లైట్లన్నీ సోలార్ మీదే వదిలేయొద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

సోలార్ తప్ప గత్యంతరం లేని చోటు ఒకటుంది. బోరు షెడ్డు ఇంటికి దూరంగా ఉండి, అక్కడ వ్యవసాయ సర్వీసు మాత్రమే ఉంటే ఆ లైనుకు కరెంటు పగటిపూట 9 గంటలే. రాత్రి లైటుకు అది అక్కరకు రాదు. ఇంటి నుంచి అంత దూరం కేబుల్ లాగే ఖర్చుతో మంచి సోలార్ లైటు వచ్చేస్తుంది.

సెన్సర్ లైటు సంగతి. మనిషి వస్తే వెలిగి, కాసేపటికి ఆరిపోతుంది. గేటు దగ్గర, కారు పెట్టే చోట, బయటి బాత్రూము దారిలో ఇది చాలా బాగుంటుంది. దొంగ భయానికి కూడా రాత్రంతా వెలిగే లైటు కన్నా ఉన్నట్టుండి వెలిగే లైటే మేలు. అది వెలగగానే కుక్క లేస్తుంది, మనమూ చూస్తాం. అయితే అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుని పెట్టుకోవాలి. మామూలుగా దొరికే సెన్సర్ చూసేది కదిలే ఒంటి వేడిని. చుట్టూ ఉన్న గాలికీ ఒంటికీ వేడిలో తేడా ఉంటేనే కనిపెడుతుంది. మే నెలలో ఉక్కపోతగా ఉన్న రాత్రి ఆ తేడా తగ్గి, పెట్టె మీద రాసినంత దూరం నుంచి పట్టుకోలేదు. మనిషి దానికి ఎదురుగా నడిచొస్తే ఆలస్యంగా, అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది. కాబట్టి దారికి ఎదురుగా కాకుండా పక్కగా బిగించాలి.

ఇంకో ముఖ్యమైన మాట. పాము ఒంటి వేడి దాదాపు చుట్టూ ఉన్నంతే ఉంటుంది కాబట్టి ఈ సెన్సర్‌కు పాము కనబడదు. పాము వచ్చినా లైటు వెలుగుతుందని షాపులో ఎవరైనా చెబితే నమ్మొద్దు. రోజూ నడిచే దారికి సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, సన్నటి వెలుగు ఎప్పుడూ ఉండాలి. చేతిలో టార్చి కూడా ఉండాలి. ఎన్ని లైట్లు పెట్టినా టార్చి అవసరం పోదు.

చివరికి నేను మేలంటున్నది కరెంటు మీద నడిచే చిన్న లైట్లు. గోడకు బిగించే గుండ్రటి బల్క్‌హెడ్ లైట్లు, లేదా దారి పక్కన మోకాలి ఎత్తులో ఉండి కిందికే వెలుగు పడే లైట్లు. ఒక్కోటి 5 నుంచి 9 వాట్లు, వార్మ్ వైట్. తక్కువ ఎత్తు నుంచి వెలుగు ఏటవాలుగా పడితే నేల మీద చిన్న రాయికి కూడా పొడుగాటి నీడ వస్తుంది. పడుకున్న పామైనా, తేలైనా ఆ నీడ వల్ల ముందే కంట పడుతుంది. పై నుంచి కొట్టే ఫోకస్ లైటులో ఆ నీడ ఉండదు.

ఈ లైట్లన్నిటికీ కలిపి 40 వాట్లకు మించదు కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వీటి లైనును దానికి కలిపేయండి. రాత్రిళ్ళు కరెంటు పోతుందన్న టెన్షన్ అక్కడితో తీరుతుంది. టైమర్ పెట్టుకుంటే బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే తీసుకోండి. ముల్లు తిరిగే రకమైతే కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి, లైట్లు వేళ తప్పి వెలుగుతాయి.

వైరింగ్ దగ్గర పొదుపు వద్దు. చెట్టు కొమ్మలకు చుట్టిన వైరు, కంచె తీగ వెంట లాగిన వైరు చాలా తోటల్లో కనబడుతుంది. గాలికి రాసుకుని పై తొడుగు పోయిందంటే తడిసిన కంచె మొత్తానికి కరెంటు వస్తుంది. పైన ఉక్కు తొడుగు ఉండే ఆర్మర్డ్ కేబుల్ తెచ్చి రెండున్నర అడుగుల లోతున పూడ్చండి. ఎర్త్ సరిగా వేయించండి. బయటి లైట్ల లైనుకు విడిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమనండి, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి అది. ఎలక్ట్రీషియన్ అక్కర్లేదన్నా పెట్టించండి. పిల్లలు తిరిగే చోటు.

సముద్రానికి దగ్గరగా ఉన్న తోటల్లో ఇనుప స్క్రూలు, పల్చటి రేకు లైట్లు రెండు వానాకాలాలు కూడా నిలబడవు. అల్యూమినియం బాడీ, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, గాల్వనైజ్డ్ పైపు, ఐపీ65 అని, అంటే దుమ్మూ వాన నీళ్ళూ లోపలికి దిగవని ముద్ర ఉన్న లైటు చూసి కొనండి.

భీమిలి బీచ్ రోడ్డు పక్కన స్థలం ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మనవి. మన తీరానికి ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి, వెలుతురు ఉన్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి. ఒడ్డు వైపు చూసే లైటు ఉంటే రోడ్డు వైపు వచ్చేసి చచ్చిపోతాయి. జనవరి నుంచి మే వరకు సముద్రం వైపు గోడ మీద లైటు ఆపేయండి, తప్పదంటే మూత పెట్టి కిందికి తిప్పండి. అలాగే పక్క చేలో చామంతి ఉంటే వాళ్ళ మడి మీద మీ వెలుగు పడనివ్వొద్దు. చామంతి మొగ్గ వేయాలంటే దానికి పొడవాటి చీకటి కావాలి. రాత్రంతా వెలుగు పడిన వరసలు పూతకు ఆలస్యమవుతాయి, పండగ బేరం పోతుంది.

ఇప్పటికే ఫోకస్ లైట్లు ఉన్నవాళ్ళు పారేయక్కర్లేదు. వాటిని మంచం పక్కన స్విచ్చికి కలపండి. కుక్కలు మొరిగినప్పుడు వేసి చూసి ఆపేయొచ్చు. కొత్తగా పెట్టించేవాళ్ళు స్తంభాలు పాతే ముందు ఒక అమావాస్య రాత్రి ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు వార్మ్ వైట్ బల్బులు తీసుకుని, వాన లేని రోజు చూసుకుని, దారి పొడవునా అక్కడా ఇక్కడా పెట్టి నడిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళనూ నడిపించండి. వాళ్ళకు మెట్టు ఎక్కడ కనబడిందో, ఎక్కడ తడబడ్డారో చూసి అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సింది ఆ మర్నాడే.