కొత్త ఇంట్లో కంటికి ఆనని కెమెరాలు: చాన్నాళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఇంట్లో పెట్టిన కెమెరాను ఎదుటివాళ్లకు పట్టించేది చాలాసార్లు కెమెరా కాదు, దాని వెనక వేలాడే వైరు. తెల్ల గోడ మీద నుంచి నల్ల వైరు దిగి ఎక్స్‌టెన్షన్ బాక్సులో చేరితే, ఆ కెమెరా ఎంత చిన్నదైనా చూపు దాని మీదికే పోతుంది. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లకూ, ఫ్లాటు చేతికొచ్చి ఇంటీరియర్ పని మొదలుపెట్టబోతున్నవాళ్లకూ అందుకే ముందు ఈ మాట చెప్పాలి. ఏ కంపెనీ, ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నది తర్వాత. గోడలకు పుట్టీ పెట్టకముందే కెమెరాకు కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందో తేల్చుకోండి.

టీపీ-లింక్ కంపెనీ టాపో సీ200, సీ210, సీ225, షావోమీ ఎంఐ 360 2కే ప్రో కెమెరాల్ని రెండు పడక గదుల ఫ్లాటులో వాడి రాస్తున్న సమీక్ష ఇది. వీధి తలుపు లోపలి వైపు, హాలు, వంటగది వెనక యుటిలిటీ, ఈ మూడు చోట్లే కెమెరాలు. ఇంట్లోకి వచ్చే దారులు తలుపు, యుటిలిటీ బాల్కనీ. ఎటు నుంచి వచ్చినా హాలు దాటాల్సిందే. పడక గదుల్లో కెమెరా అక్కర్లేదు.

ఎత్తు ఏడు నుంచి ఏడున్నర అడుగులు ఉండాలి. పదడుగుల శ్లాబుకు తగిలిస్తే కెమెరా ఎవరి కంటా పడదు, నిజమే. కానీ రికార్డయ్యేది నడినెత్తి మాత్రమే, ముఖం కాదు. దూరానికీ ఒక లెక్క ఉంది. సీసీటీవీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 ప్రకారం, తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి మీటరు వెడల్పుకు 125 పిక్సెళ్లు, ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో నిర్ధారించడానికి 250 పిక్సెళ్లు కావాలి. అడ్డంగా 90 డిగ్రీలు చూసే కెమెరా 4 మీటర్ల దూరంలో 8 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. 1080పీ కెమెరా వెడల్పు 1920 పిక్సెళ్లు కాబట్టి మీటరుకు 240 వస్తాయి. 2304 పిక్సెళ్ల కెమెరా అయితే 288. ఇవే కెమెరాల్ని హాలు అవతలి చివర, తలుపుకు 7 మీటర్ల దూరంలో పెడితే మీటరుకు వరుసగా 137, 165కు పడిపోతాయి. వచ్చింది పక్కింటాయనో కాదో చెప్పగలం తప్ప పోలీసులకు చూపించదగ్గ ముఖం దొరకదు. తలుపుకు 4 మీటర్ల లోపు, కాస్త పక్కగా ఉన్న గోడ మంచిది. తలుపుకు సరిగ్గా ఎదురుగా పెడితే, పగలు తలుపు తెరవగానే బయటి వెలుతురు కొట్టి మనిషి నల్లటి ఆకారంగా మిగులుతాడు. బాల్కనీ అద్దాల వైపు చూసే కెమెరాకూ ఇదే గతి.

ఇక వైరింగ్. అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపించేది ఇదే. టాపో కెమెరాల అడాప్టర్ 9 వోల్టులు, 0.6 ఆంపియర్లు. షావోమీది 5 వోల్టుల మైక్రో యూఎస్‌బీ. కెమెరా పక్కనే సాకెట్ పెడితే అడాప్టర్ గోడ మీద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. దానికన్నా సాకెట్‌ను వార్డ్‌రోబ్ పైనో అటక మీదో పెట్టి, అక్కణ్నుంచి కెమెరా చోటికి గోడలో 25 మిల్లీమీటర్ల పైపు వేయించి, సన్నటి డీసీ వైరు ఒక్కటే బయటికి తీయడం మేలు. పైపులో ఒక లాగుడు తాడు కూడా వదిలేయమనండి, రేపు వైరు మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టే పని ఉండదు. అడాప్టర్‌ను మాత్రం గాలాడని మూత డబ్బాలో బిగించకండి, వేడెక్కుతుంది.

5 వోల్టుల కెమెరాకు పొడవాటి యూఎస్‌బీ వైరు వేస్తే వచ్చే చిక్కు ఒకటుంది. మామూలు సన్న వైరు 28 గేజ్, మీటరుకు దాదాపు 0.21 ఓమ్‌ల నిరోధం. 5 మీటర్ల దూరమంటే పోను రాను 10 మీటర్ల రాగి, అంటే 2 ఓమ్‌లకు పైనే. కెమెరా అర ఆంపియరు లాగితే ఒక వోల్టు దారిలోనే పోయి, కెమెరాకు చేరేది 4 వోల్టులు. పగలు ఎలాగో నెట్టుకొస్తుంది. చీకటిపడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక, మెడ తిప్పే మోటారు కూడా తోడైతే కరెంటు చాలక ఆగి మళ్లీ మొదలవుతుంది. రాత్రిళ్లు మాత్రమే ఆఫ్‌లైన్ అయ్యే కెమెరాను సర్వీసుకు పంపే ముందు వైరు మార్చి చూడండి. అంతకన్నా లావాటి 20 గేజ్ వైరు వాడితే అదే దూరానికి పోయేది 0.2 వోల్టు కూడా ఉండదు. 9 వోల్టుల కెమెరాలకు ఈ బెడద చాలా తక్కువ.

గోడలు ఇంకా ఇటుకల దశలో ఉంటే క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లాగించుకోవడం అన్నిటికన్నా మంచి దారి. పీఓఈ కెమెరాకు నెట్టూ కరెంటూ ఒకే కేబుల్‌లో వస్తాయి, వైఫైతో పని లేదు. 802.3ఏఎఫ్ రకం పీఓఈ స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు ఇస్తుంది, ఇంటి కెమెరాకు చాలినంత. కేబుల్ మాత్రం పూర్తి రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం చవకే గానీ నిరోధం ఎక్కువ, వేడెక్కుతుంది, కొన్నాళ్లకు చివర్ల దగ్గర పుటుక్కున తెగుతుంది. పని అంతా అయిపోయిన ఇంట్లో అయితే ఫాల్స్ సీలింగ్ లోంచి తీసుకురావడమో, తలుపు చట్రం అంచున సన్నటి కేసింగ్ వేసి గోడ రంగే పూయడమో చేయొచ్చు.

కనిపించకుండా పెట్టాలనుకుని షోకేసు అద్దం వెనక పెడుతుంటారు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఆ అద్దానికే తగిలి వెనక్కొచ్చి బొమ్మంతా పాలపొగలా తెల్లబారుతుంది. గోడకూ సీలింగ్‌కూ మరీ ఆనించి పెట్టినా అంచుల్లో ఇలాంటి తెల్లదనమే. నాలుగు వేళ్ల ఎడం ఉంచితే పోతుంది. తెల్ల కెమెరా తెల్ల సీలింగ్ మూలలో కలిసిపోతుంది. పుస్తకాల అర అయితే నల్లది నయం. ఏదైనా సరే, యాప్‌లో స్టేటస్ లైటు ఆపేయడం మొదటి పని.

రాత్రి కెమెరాను బయటపెట్టే ఇంకో సంగతి దాని ఎర్రటి మెరుపు. 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు చీకట్లో మసక ఎరుపుగా కంటికి ఆనతాయి. సీ200, సీ210లో ఉన్నవి అవే. 940 నానోమీటర్లవి కంటికి అసలు కనబడవు. షావోమీ 2కే ప్రో వాడేది ఇవే. సీ225లో రెండూ ఉన్నాయి, యాప్‌లో మార్చుకోవచ్చు. 940 కాంతికి సెన్సర్ తక్కువగా స్పందిస్తుంది కాబట్టి దానితో రాత్రి కనిపించే దూరం తగ్గుతుంది. పది పన్నెండు అడుగుల గదికి ఢోకా లేదు. పొడుగాటి హాలుకు 850 వైపే మొగ్గాలి.

గడియారంలో, ఛార్జర్‌లో, స్మోక్ డిటెక్టర్ డొప్పలో దాచిన పేరూ ఊరూ లేని కెమెరాల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాం. చాలావాటికి రాత్రి చూపు సరిగా ఉండదు, వేడికి ఆగిపోతుంటాయి, వాటి యాప్ మీ ఇంటి బొమ్మల్ని ఎవరి సర్వర్‌కు పంపుతోందో తెలిసే దారి లేదు. మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్షలతో కూడిన కొత్త నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. పెట్టె మీద భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి సరిచూసుకోండి.

కంటికి ఆనకుండా పెట్టడం వేరు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా పెట్టడం వేరు. పనమ్మాయికీ, వచ్చి ఉండే అత్తగారికీ, అద్దెకున్నవాళ్లకూ కెమెరా ఎక్కడుందో చెప్పాలి. స్నానాల గది, బట్టలు మార్చుకునే చోటు ఫ్రేములోకి రాకూడదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ సెక్షన్ వర్తించేది ఇలాంటి చోటే. 66ఈ కింద మూడేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉండొచ్చు. అన్నదమ్ములు కలిసి ఉండే ఇంట్లో, సహ నివాసి ఒప్పుకోకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మైకు అవసరం లేకపోతే ఆపేయండి, ఇంట్లో మాటలు రికార్డు కావడం ఎవరికీ ఇష్టముండదు. మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు ప్రైవసీ మోడ్ ఆన్‌లో ఉండాలి. సీ225, షావోమీ 2కే ప్రోలో లెన్స్ నిజంగానే మూసుకుంటుంది. ఆగిపోయిందని యాప్‌లో చదవడం కంటే మూసుకున్న లెన్స్ కంటికి కనబడటం పెద్దవాళ్లకు ఎంతో నెమ్మది.

రికార్డింగ్ లెక్క కొనేముందే వేసుకోవాలి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున 24 గంటలు రాస్తే 10.8 జీబీ, 2 మెగాబిట్లయితే 21.6 జీబీ. 128 జీబీ కార్డులో రెండో లెక్కన వారం కూడా నిలవదు, ఐదారు రోజులు. షావోమీ 2కే ప్రో తీసుకునే కార్డు 32 జీబీ వరకే కనుక, అదే లెక్కన ఒకటిన్నర రోజు. అందులో కదలిక ఉన్నప్పుడే రాయించుకోవాలి. ఫోన్లలో వేసే మామూలు కార్డును ఆగకుండా రాయిస్తే త్వరగా అరిగిపోతుంది. ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నదే కొనండి. కార్డు చచ్చినా చాలా కెమెరాలు లైవ్ చూపిస్తూనే ఉంటాయి కాబట్టి తెలిసిరాదు. నెలకోసారి పాత రికార్డింగ్ ఒకటి తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. దొంగ కెమెరానే పీకి పట్టుకుపోతే కార్డూ పోతుంది. టాపోలో వీడియోను వేరే పరికరానికి పంపే ఆర్‌టీఎస్‌పీ, ఆన్‌విఫ్ పద్ధతులు ఉన్నాయి. యాప్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో కెమెరా అకౌంట్ ఒకటి సృష్టించి, అటక మీది రికార్డింగ్ పెట్టె (ఎన్‌వీఆర్)లోకో పాత కంప్యూటర్‌లోకో రికార్డింగ్ పంపొచ్చు. షావోమీని పక్కన పెట్టి హాలుకు టాపో ఉంచుకోవడానికి అసలు కారణం ఇదే. ఆ రికార్డింగ్‌ను ఇంటి బయటి నుంచి చూడటానికి రూటర్‌లో పోర్టు తెరవకండి, వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) వాడండి.

వైఫై విషయానికొస్తే, సీ200, సీ210, సీ225 మూడూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. జత కుదరకపోతే రూటర్‌లో 2.4కు వేరే పేరు పెట్టి, భద్రతను డబ్ల్యూపీఏ2కు మార్చి చూడండి. ఎన్‌వీఆర్‌కో పాత కంప్యూటర్‌కో రికార్డింగ్ పంపని కెమెరాల్ని గెస్ట్ నెట్‌వర్క్ మీద ఉంచితే ఇంటి కంప్యూటర్లకు దూరంగా ఉంటాయి.

అలర్టులు మొదటివారం విసిగిస్తాయి. తిరిగే ఫ్యాను, ఊగే కర్టెన్, పూజ గది దీపం, గోడ మీది బల్లి, అన్నీ కదలికే. మామూలు కదలిక అలర్టు ఆపి మనిషిని గుర్తించే అలర్టు ఒక్కటే ఉంచండి, ఫ్యాను ఉన్న భాగాన్ని యాప్‌లో కదలిక గమనించే జోన్ బయట పెట్టండి. కదిలేదాని వెంట కెమెరా తిరిగే ఆటో ట్రాకింగ్ తీసేయండి. మోటారు చప్పుడుకు రాత్రి అందరి చూపూ అటే తిరుగుతుంది, పైగా కర్టెన్ వెంట పోయిన కెమెరా తలుపు వైపు చూడటం మానేస్తుంది. అలర్టులు ఆలస్యంగా వస్తుంటే ఫోన్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆదా సెట్టింగు తీసేయండి.

ఎండాకాలం ఒక పరీక్షే. సీ200 పనిచేయాల్సిన వేడి 40 డిగ్రీల వరకేనని కంపెనీ రాసిచ్చింది. బెజవాడలోనో రామగుండంలోనో మే నెలలో తలుపులన్నీ వేసి ఊరెళ్తే, పై అంతస్తులో సీలింగ్ దగ్గర వేడి దాన్ని దాటిపోతుంది. ఏడడుగుల ఎత్తు చాలనడానికి ఇదో కారణం. కరెంటు పోయినప్పుడు కెమెరా ఒక్కటే ఇన్వర్టర్ మీద ఉంటే చాలదు, రూటరూ ఫైబర్ పెట్టె కూడా ఉండాలి. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే మారే క్షణంలో కెమెరా రీస్టార్ట్ కాదు. యుటిలిటీ కెమెరా లెన్స్ మీద తాలింపు జిడ్డు పేరుకుంటుంది. నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవకపోతే రాత్రి బొమ్మ మసకబారుతుంది. సాలెపురుగు ఒక్క పోగు అల్లినా ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో తెల్లటి తాడులా అడ్డం వస్తుంది.

మా వాడకంలో వీధి తలుపుకు సీ225, హాలుకు సీ210, యుటిలిటీకి సీ200 నిలిచాయి. షావోమీ 2కే ప్రో బొమ్మ చక్కగా ఉంటుంది, లెన్స్ వెలుతురు ఎక్కువ పట్టే ఎఫ్1.4 రకం కావడంతో మసక వెలుతురులో రంగులు పోవు. రోజంతా రికార్డింగ్ అక్కర్లేని చిన్న గదికి అది బాగా సరిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల ఇంటికి కెమెరా జత చేసేటప్పుడు మాత్రం టైమ్ జోన్ భారత్‌దే ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే రికార్డింగ్ మీద తేదీలు, షెడ్యూల్ వేళలు తారుమారవుతాయి. కెమెరా అకౌంటు అమ్మానాన్నల పేరిటే ఉంచి, పిల్లలకు యాప్‌లోని షేరింగ్ ద్వారా అనుమతి ఇవ్వడం సరైన పద్ధతి. ఎప్పుడు చూడొచ్చు, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ ఇంట్లో ఉండేవాళ్ల చేతిలోనే ఉంటుంది.